డెబ్బై అయిదు వేలు కడితే ప్రభుత్వ ఇల్లు అద్దెకు ఇస్తారా?

ప్రశ్న: అయ్యా, మాది ఆంధ్రప్రదేశ్‌లో కనిగిరి దగ్గర పల్లెటూరు. చెన్నై వచ్చి ఆరేళ్ళయింది. తాంబరం శానటోరియంలో ఒక ఎక్స్‌పోర్ట్ కంపెనీలో కుట్టుపని చేస్తాను. నెలకు 12,500 వస్తుంది. మా ఆయనది సెంట్రింగ్ పని. పని దొరికిన నెల, దొరకని నెల కలిపి చూస్తే 11,000. పిల్లలిద్దరు. పల్లావరంలో చిన్న పోర్షనుకు 8,500 అద్దె, నీళ్ళకు, కరెంటుకు వేరే. మా బావగారికి తెలిసిన ఒకాయన పెరుంబాక్కంలో హౌసింగ్ బోర్డు ఇల్లు నెలకు 3,000 అద్దెకు ఇప్పిస్తానంటున్నాడు. ముందు 75,000 కట్టాలట, రెండేళ్ళ తర్వాత మా పేరు మీదికే మారుస్తారట. కేంద్ర ప్రభుత్వం పేదలకు అద్దె ఇళ్ళు ఇస్తోందని ఫోనులో వీడియో కూడా చూశాం. ఇది నిజమేనా? ఎక్కడ దరఖాస్తు చేయాలి? ఊళ్ళో మా అత్తగారి పేరున పక్కా ఇల్లు ఉంది. 2020లో నా పేరున సెంటున్నర స్థలం పట్టా ఇచ్చారు, ఇంకా ఏమీ కట్టలేదు. అవి అడ్డం వస్తాయా? మా చెల్లెలు కూడా వచ్చే నెలలో ఉద్యోగానికి ఇక్కడికి వస్తోంది. తనను ఎక్కడ ఉంచాలో తెలియడం లేదు.
— ఒక పాఠకురాలు, పల్లావరం

సమాధానం:

అమ్మా, ముందు ఆ 75,000 సంగతి తేల్చుకుందాం. ఇవ్వకండి. మీ బావగారు నొచ్చుకున్నా సరే, ఇవ్వకండి.

ఆయన 'హౌసింగ్ బోర్డు' అంటున్నాడు గానీ, చెన్నైలో ఆ మాట వెనుక రెండు వేర్వేరు సంస్థలు ఉన్నాయి. 1961లో ఏర్పడిన తమిళనాడు హౌసింగ్ బోర్డు ఇళ్ళు కట్టి అమ్ముతుంది. దాని అద్దె క్వార్టర్లు ప్రధానంగా ప్రభుత్వ ఉద్యోగుల కోసం. రెండోది 1970లో పుట్టిన స్లమ్ క్లియరెన్స్ బోర్డు. 2021లో దాని పేరును తమిళనాడు నగర ఆవాస అభివృద్ధి బోర్డుగా మార్చారు, జనం మాత్రం ఇప్పటికీ స్లమ్ బోర్డు అనే అంటారు. పెరుంబాక్కం, కణ్ణగి నగర్, ఎళిల్ నగర్, సెమ్మంజేరిలోని ప్రభుత్వ పునరావాస ఇళ్ళు ఈ రెండో బోర్డువే. అవి ప్రధానంగా కూవం, అడయారు నదుల గట్ల మీద, కాలువల పక్కన గుడిసెలు కోల్పోయిన కుటుంబాల కోసం కట్టినవి. ఇల్లు ఎవరికి కేటాయించారో ఆ కుటుంబమే అందులో ఉండాలి. దాన్ని అద్దెకు ఇవ్వడానికి గానీ, ఇంకొకరికి అమ్మడానికి గానీ వాళ్ళకు హక్కు లేదు.

అంటే మీరు కట్టే 3,000 బోర్డుకు చేరదు. ఎవరో ఒక కుటుంబం నగరం నడిబొడ్డున ఉన్న తమ పనికి దగ్గరగా వెళ్ళిపోయి, తమకిచ్చిన ఇంటిని చాటుగా మీకు అద్దెకిస్తుంది. తమిళంలో దీన్ని 'ఉళ్ వాడగై' అంటారు, అద్దెలోపలి అద్దె అన్నమాట. ఆ కుటుంబాన్ని నేను తప్పు పట్టను. పాతిక కిలోమీటర్ల దూరంలో ఎనిమిది అంతస్తుల భవనంలో ఇల్లిచ్చి, పని మాత్రం మైలాపూరులో ఉంచితే ఎవరైనా అదే చేస్తారు. కానీ తనిఖీ వచ్చిన రోజున కేటాయింపు పోయేది వాళ్ళకు, వీధిన పడేది మీరు. మధ్యలో నిలబడి 75,000 తీసుకున్న మనిషి ఆ రోజు ఫోను ఎత్తడు.

ఇది ఊహించి రాయడం లేదు. ముప్పై ఏళ్ళ కిందట నేను ఈ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు ఇలాంటి ప్రభుత్వ క్వార్టరులోనే దొంగ అద్దెకు దిగాను. అసలు పేరున్న ఆయన ఒక షరతు పెట్టాడు: ఎవరు అడిగినా బంధువులమని చెప్పాలి. మా నాలుగేళ్ళ వాడికి ఆయనను 'పెదనాన్న' అని పిలవడం నేర్పించాం. ఒక ఆదివారం పొద్దున చేతిలో రిజిస్టరుతో ఇద్దరు వచ్చారు. మావాడు తలుపు తీసి, ఎవరూ అడగకముందే, 'పెదనాన్న ఇక్కడ ఉండడు, ఫస్టు తారీఖున వస్తాడు' అన్నాడు. మూడు రోజుల్లో ఖాళీ చేశాం. అడ్వాన్సు తిరిగి రాలేదు. ఎవరి మీద ఫిర్యాదు చేయాలి? ఏ కాగితం చూపించి చేయాలి? ఇప్పుడు నవ్వు వస్తుంది గానీ, ఆ రాత్రి గిన్నెలు గోనెసంచుల్లో సర్దుతూ మా ఆవిడ ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

'రెండేళ్ళకు మీ పేరు మీదికి మారుస్తాం' అన్నది ఇంకా పెద్ద మాయ. బోర్డు ముద్రలు వేసిన దొంగ కేటాయింపు పత్రాలతో మోసపోయినవాళ్ళ కథలు చెన్నై పత్రికల్లో తరచు వస్తూనే ఉంటాయి. అసలు కేటాయింపులో డబ్బు కట్టాల్సి ఉన్నా అది బోర్డు ఖాతాకు పోతుంది, రసీదు లబ్ధిదారు పేరున వస్తుంది. ఒక మనిషి ఫోను నంబరుకు డబ్బు పంపమంటే అక్కడితో కథ తెలిసిపోయినట్టే.

ఇక ఆ వీడియో. అది అబద్ధం చెప్పి ఉండదు, ఏ ఊరో చెప్పి ఉండదు. 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీలు నడిచి ఊళ్ళకు వెళ్ళిన తర్వాత, ఆ ఏడాది జులైలో కేంద్ర మంత్రివర్గం అందుబాటు అద్దె ఇళ్ళ పథకాన్ని ఆమోదించింది. అందులో రెండు దారులు ఉన్నాయి. ప్రభుత్వ సొమ్ముతో కట్టి ఖాళీగా పడి ఉన్న ఇళ్ళను బాగుచేసి అద్దెకివ్వడం ఒకటి. సొంత స్థలం ఉన్న సంస్థలు, కంపెనీలు కొత్తగా కట్టి అద్దెకివ్వడం రెండోది. మొదటి దారిలో చండీగఢ్‌లో 2,195 ఇళ్ళు, సూరత్‌లో 393 ఇళ్ళు అద్దెకు వచ్చాయి. మీరు చూసిన రంగులు వేసిన భవనాలు బహుశా అవే. ఆ పథకంలో అద్దె రెండేళ్ళకు 8 శాతం, అయిదేళ్ళలో మొత్తం మీద 20 శాతం మించి పెంచకూడదు. మన ఇంటి యజమానులకు చదివి వినిపించాల్సిన నియమం! కానీ మీరు వెళ్ళి వరసలో నిలబడితే తాళం చేతికిచ్చే కౌంటరు చెన్నైలో లేదు. ఈ చుట్టుపక్కల కార్మికుల వసతి అంటే చాలావరకు ఫ్యాక్టరీల పక్కన కట్టిన పడకల భవనాలే. శ్రీపెరుంబుదూరు దగ్గర వల్లం వడగాల్‌లో తమిళనాడు ప్రభుత్వ పరిశ్రమల సంస్థ సిప్‌కాట్ 706.50 కోట్లతో కట్టించి 2024 ఆగస్టులో తెరిచిన వసతిలో 18,720 మంది ఆడపిల్లలు ఉండవచ్చు. దానికి మనుషులు విడిగా దరఖాస్తు చేయరు, కంపెనీయే తీసుకువెళ్ళి చేరుస్తుంది. పైగా అది కుటుంబాలకు కాదు.

మరి మీలాంటి కుటుంబానికి దారి లేదా అంటే, ఉంది. అయితే అది అద్దె ఇంటి దారి కాదు, నెమ్మదిగా సాగే సొంత ఇంటి దారి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగం రెండో విడత 2024 సెప్టెంబరులో మొదలైంది. దానిలో నాలుగు భాగాలు: సొంత స్థలంలో కట్టుకోవడం, ప్రభుత్వ భాగస్వామ్యంతో కట్టిన ఫ్లాటు తీసుకోవడం, అద్దె ఇల్లు, గృహరుణం మీద వడ్డీ రాయితీ. చెన్నైలో మీకు పనికొచ్చేది రెండోది. దరఖాస్తులో అద్దె భాగానికి గుర్తు పెట్టినా తప్పులేదు గానీ దాని మీద లెక్కలు వేసుకోకండి. కుటుంబ వార్షికాదాయం 3 లక్షల లోపు ఉంటే ఆర్థికంగా బలహీన వర్గం, 3 నుంచి 6 లక్షల దాకా అల్పాదాయ వర్గం. మీ ఇద్దరి సంపాదన కలిపితే నెలకు 23,500, ఏడాదికి 2,82,000. గీతకు ఇవతలే ఉన్నారు, కానీ అంచున ఉన్నారు. ఓవర్‌టైము, బోనసు కలిస్తే దాటవచ్చు. ఎవరో చెప్పారని ఆదాయం తగ్గించి రాయించకండి. మీకు పీఎఫ్ కోస్తున్నారు కదా, మీ జీతం ఎంతో ప్రభుత్వ కంప్యూటరుకు మీకంటే ముందే తెలుసు.

అత్తగారి ఇల్లు మీకు అడ్డం కాదు. ఈ పథకంలో కుటుంబం అంటే భర్త, భార్య, పెళ్ళికాని పిల్లలు, అంతే. మీ నలుగురిలో ఎవరి పేరునా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. అత్తగారి పేరున ఉన్నంతకాలం అది ఆమె ఇల్లే. రేపు ఆవిడ ప్రేమకొద్దీ మీ ఆయన పేరున రాసిస్తానంటే మాత్రం, ఇక్కడ మీ దరఖాస్తు సంగతి తేలేదాకా ఆగమని చెప్పండి.

సెంటున్నర పట్టా దగ్గర మీరు గట్టిగా ఆలోచించాలి. ఖాళీ స్థలం పక్కా ఇల్లు కాదు, కాబట్టి పట్టా ఒక్కటే మిమ్మల్ని అనర్హులను చేయదు. అసలు ప్రశ్న వేరు. 2020లో పట్టాలిచ్చిన ఆ లేఅవుట్లలో చాలా ఇళ్ళను ఇదే కేంద్ర పథకానికి కలిపి మంజూరు చేశారు. మీకు తెలియకుండానే మీ ఆధార్ మీద ఇల్లు మంజూరై ఉందా? పునాది బిల్లు అంటూ ఎప్పుడైనా డబ్బు పడిందా? గత 20 ఏళ్ళలో కేంద్రం, రాష్ట్రం, స్థానిక సంస్థ, ఎవరి గృహ పథకంలోనైనా లబ్ధి పొంది ఉంటే రెండో విడతలో అర్హత ఉండదు. మీరు చెన్నైలో ఎన్ని కాగితాలు పెట్టినా ఆధార్ కొట్టగానే కనిగిరి బయటికి వస్తుంది. అందుకని ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు, లేదా ఈలోపే మీ అత్తగారిని పంపి, గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటును అడగండి: ఈ ఆధార్ మీద ఇల్లు మంజూరైందా, ఏ పథకం కింద, ఒక్క రూపాయి అయినా విడుదలైందా? జవాబు నోటిమాటగా కాకుండా కంప్యూటరు తెర మీద చూపించమనండి, వీలైతే ఫొటో తీసుకోమనండి.

ఏమీ మంజూరు కాలేదని తేలితే అప్పుడు మీ ముందు రెండు దారులు ఉంటాయి. ఊళ్ళో ఆ స్థలంలో కట్టుకుంటారా, చెన్నైలో ఫ్లాటుకు ప్రయత్నిస్తారా? రెండూ కుదరవు. నా మటుకు నేను, పిల్లలు పదో తరగతి దాకా చెన్నైలోనే చదవబోతున్నట్టయితే, ఆ సెంటున్నరను అలాగే ఉంచి ఇక్కడ ప్రయత్నించమంటాను. మా ఇంట్లో మాత్రం దీనికి విరుద్ధంగా ఓటు పడింది. 'ఊళ్ళో గోడలు లేచాయంటే కరువొచ్చినా కాటకమొచ్చినా తల దాచుకోవచ్చు' అంటుంది మా ఆవిడ. ఆమె మాటనూ మీ ముందు పెడుతున్నాను, మీ ఆయనతో కూర్చుని తేల్చుకోండి.

చెన్నై వైపు మొగ్గితే స్లమ్ బోర్డు ప్రధాన కార్యాలయం మెరీనా ఎదురుగా కామరాజర్ శాలైలో ఉంది, 5వ నంబరు. అక్కడ మీరు అడగాల్సిన మాట 'ఇల్లు ఇస్తారా' అని కాదు. 'తాంబరం, పల్లావరం వైపు ఏ పథకంలో లబ్ధిదారులను ఇంకా ఎంపిక చేస్తున్నారు? దానిలో లబ్ధిదారు వాటా ఎంత? ఏ డివిజన్ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వాలి?' అని అడగండి. ఇంటి ఖర్చులో కేంద్రం వాటా, రాష్ట్రం వాటా పోగా మిగిలింది మీరు కట్టాలి. కాలువ గట్టు నుంచి తరలించినవాళ్ళకు, మీలా బయటి నుంచి దరఖాస్తు చేసేవాళ్ళకు నియమాలు ఒకటి కావు, ఖాళీ ఇళ్ళలో ముందు పాలు ఆ తరలించినవాళ్ళదే. కాబట్టి ఇదంతా రెండు మూడు నెలల్లో తేలుతుందని పిల్లలకు చెప్పకండి. పెరుంబాక్కమే వచ్చినా మీకు నష్టం లేదు. మేడవాక్కం మీదుగా శానటోరియంకు రాకపోకలు కష్టం కాదు, నగర మామూలు బస్సుల్లో ఆడవాళ్ళకు 2021 నుంచి టికెట్టు లేదు. ఆ మనిషి మీకు తగిన చోటే చూపించాడు, తప్పుడు దారిలో చూపించాడు, అంతే.

దరఖాస్తు ఎక్కడ పెట్టినా మొదట తగిలే రాయి ఒకటే. మీరు ఆరేళ్ళుగా చెన్నైలో ఉన్నారనడానికి మీ దగ్గర కాగితం ఏముంది? ఆధార్‌లో ఊరి చిరునామా. రేషన్ కార్డు ఆంధ్రప్రదేశ్‌ది. కరెంటు బిల్లు యజమాని పేరున. అద్దె చేతికి నోట్లుగా ఇస్తున్నారు. కాగితాల ప్రకారం మీరు ఇంకా కనిగిరి దాటి రాలేదు!

అందుకే ముందు అద్దె ఒప్పందం. తమిళనాడులో 2019 ఫిబ్రవరి నుంచి కొత్త అద్దె చట్టం అమల్లో ఉంది. దాని ప్రకారం ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, 90 రోజుల్లో అద్దె అధికారి దగ్గర నమోదు చేయాలి. దానికి ప్రభుత్వ వెబ్‌సైటు ఉంది, నమోదయ్యాక ఒక నంబరు వస్తుంది. అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించకూడదని చట్టం అంటుంది గానీ, ఇద్దరూ ఒప్పుకుని వేరేగా రాసుకుంటే అదే చెల్లుతుంది. చెన్నై యజమానులకు ఆ చివరి మాట కంఠతా వచ్చు. అద్దె ఏటా ఎంత పెంచాలో కూడా ఒప్పందంలోనే రాయించండి. నోటిమాట మీద ఉన్నంతకాలం పెంపు ఆయన ఇష్టం. గొడవ వచ్చినా నీళ్ళు, కరెంటు ఆపే అధికారం ఆయనకు లేదు.

మీ యజమాని నమోదుకు ఒప్పుకోకపోవచ్చు. పన్ను భయం, లేదా పోర్షను అనుమతి లేకుండా కట్టిన భయం. పోట్లాడకండి. ముందుగా అద్దె ఫోనులో బ్యాంకు ద్వారా పంపడం మొదలుపెట్టండి, ప్రతి నెలా అదే తేదీన, 'ఫలానా నెల అద్దె' అని రాసి. ఏడాది తిరిగేసరికి అదే పన్నెండు సాక్ష్యాలు. పిల్లల బడిలో రికార్డు చిరునామా సరిచూసుకోండి. ఇ-సేవై కేంద్రంలో, అంటే మన మీసేవ లాంటి చోట, ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టండి. రేషన్ కార్డు విషయంలో తొందరపడకండి. మీది బియ్యం కార్డయితే ఒకే దేశం ఒకే రేషన్ కింద చెన్నైలోనే బియ్యం తీసుకోవచ్చు. తమిళనాడు కార్డు కావాలంటే అక్కడి కార్డులోంచి మీ నలుగురి పేర్లు తీయించాలి, అక్కడి పథకాలు దానితోనే పోతాయి. ఊళ్ళో ఇల్లా, ఇక్కడ ఇల్లా అన్నది తేల్చుకున్నాకే అది చేయండి.

కరెంటు గురించి ఒక్క మాట. ఈ రాష్ట్రంలో ఇంటి కనెక్షనుకు రెండు నెలలకు 100 యూనిట్లు ఉచితం. మీ పోర్షనుకు విడిగా బోర్డు మీటరు ఉంటే ఆ ఉచితం మీకు రావాలి. యజమాని గోడకు బిగించిన చిన్న సబ్ మీటరు చూసి యూనిట్‌కు ఇంత అని వసూలు చేస్తుంటే అది ఆయనకే పోతుంది. రేపు మారబోయే ఇంట్లో గదుల కంటే ముందు మెట్ల కింద మీటర్లు లెక్కపెట్టండి.

మీ చెల్లెలి సంగతి తేలిక. తమిళనాడు ప్రభుత్వం ఉద్యోగినుల కోసం 'తోళి' పేరుతో వసతిగృహాలు నడుపుతోంది. అడయారులో ఒకటి ఉంది, మీ వైపు గూడువాంచేరిలో 2023లో తెరిచారు. వాటికి ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేయవచ్చు, మధ్యవర్తి అక్కర్లేదు. కేంద్ర సాయంతో నడిచే సఖీ నివాస్ అనేవి వేరే. చెన్నై లాంటి మహానగరంలో నెల జీతం 50,000 లోపు ఉన్నవాళ్ళు అర్హులు. ఒంటరి ఆడవాళ్ళు పిల్లలతో కూడా ఉండవచ్చు, ఆడపిల్లలైతే 18 ఏళ్ళ దాకా, మగపిల్లలైతే 12 దాకా. ఆ అమ్మాయిని నియామక పత్రం, ఆధార్, ఫొటోలు పట్టుకుని రమ్మనండి. ఖాళీ దొరికేదాకా మీ పోర్షనులోనే సర్దుకోవచ్చు గానీ, యజమానికి ముందే చెప్పండి. మనిషి పెరిగితే నీళ్ళ డబ్బు పెంచే ఊరు ఇది.

ఒకవేళ ఈ ఉత్తరం రాశాక మీ ఆయన ఆ మనిషికి కొంత డబ్బు ఇచ్చేసి ఉంటే, నాకు చెప్పడానికి మొహమాటపడ్డట్టే పోలీసుల దగ్గరా మొహమాటపడకండి. డబ్బు పంపిన ఫోను స్క్రీను, ఆయన పంపిన వాయిస్ సందేశాలు ఏవీ తుడిచేయకుండా తాంబరం నగర పోలీసు సెంట్రల్ క్రైమ్ బ్రాంచిలో ఫిర్యాదు ఇవ్వండి. ముఖ్యమంత్రి సహాయ నంబరు 1100. ఇంటి విన్నపం విడిగా, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల విన్నపాలు తీసుకునే రోజున ఇవ్వవచ్చు. తమిళంలో రాయడం రాదని వెనక్కి తగ్గకండి. కలెక్టరేట్ గేటు బయట బల్ల వేసుకుని విన్నపాలు రాసిపెట్టేవాళ్ళు కూర్చుంటారు, కొద్ది డబ్బుకు రాసిస్తారు. రాసింది మీ పిల్లల చేత చదివించుకుని, ఊరి పట్టా సంగతి అందులో దాచకుండా ఉందో లేదో చూసుకుని, సంతకం పెట్టండి. లోపల ఇచ్చాక విన్నపం నంబరు వేసిన చీటీ ఇస్తారు. ఆ చీటీని ఫొటో తీసి మీ చెల్లెలి ఫోనుకు కూడా పంపి ఉంచండి.